సాంతియాగో నడక: మీ సెలవులకి, మీ మోకాళ్లకి ఏ దారి సరిపోతుంది?

స్పెయిన్ వాయవ్య మూలన, గలీసియాలో, సాంతియాగో దె కొంపోస్తెలా అనే ఊరుంది. ఏసు శిష్యుల్లో ఒకరైన యాకోబు సమాధి అక్కడి కేథడ్రల్‌లో ఉందని క్రైస్తవుల నమ్మకం. వెయ్యేళ్లకు పైగా యూరప్ నలుమూలల నుంచీ జనం అక్కడికి నడిచి వస్తున్నారు. ఆ నడకదారులన్నిటికీ కలిపి కామినో అని పేరు. 2024లో నడక ముగించి ధ్రువపత్రం తీసుకున్నవాళ్లే సుమారు 5 లక్షల మంది. భక్తితో వచ్చేవాళ్లు ఉంటారు, ఆరోగ్యం కోసం వచ్చేవాళ్లు ఉంటారు, ఇంట్లో ఒకరు పోయిన దుఃఖంలోంచి తేరుకోవడానికి వచ్చేవాళ్లూ ఉంటారు. దారిలో మీ మతం ఏమిటని ఎవరూ అడగరు.

చిక్కు ఎక్కడంటే, దారులు చాలా ఉన్నాయి. వెతగ్గానే ముందు కనబడేది ఫ్రాన్స్ సరిహద్దు నుంచి వచ్చే 780 కి.మీ. దారి. రెండు వారాల సెలవుతో వెళ్లేవాళ్లు కూడా దాన్నే పట్టుకుని, నాలుగు రోజులు పరుగు పెట్టి, కాళ్లు బొబ్బలెక్కాక బస్సులో ముందుకి దూకి, చివర మళ్లీ నడుస్తారు. అది నడకా కాదు, విహారమూ కాదు. మా మాట మొదటే చెప్పేస్తాం: దారి పేరు చివర చూసుకోండి. చేతిలో ఎన్ని నడక రోజులున్నాయి, మోకాళ్లు ఎలా ఉన్నాయి అన్నవి ముందు. పొడుగు దారిని ముక్కలు చేసి నడవడం కంటే పొట్టి దారిని మొదటి నుంచి చివరిదాకా నిదానంగా నడవడమే మేలు.

ముందు తేల్చుకోవాల్సినవి

*నడక రోజులు.* సెలవు రోజులు వేరు, నడక రోజులు వేరు. హైదరాబాదు నుంచైనా డాలస్ నుంచైనా యూరప్ చేరి, అక్కడి నుంచి రైలో బస్సో పట్టుకుని మొదలుపెట్టే ఊరికి వెళ్లేసరికి రెండు రోజులు పోతాయి. తిరుగు ప్రయాణానికి ఇంకో రెండు. సాంతియాగోలో ఒక రోజు ఉండకపోతే మనసొప్పదు. శని, ఆదివారాలు కలుపుకుని 16 రోజులున్నాయంటే నడకకి మిగిలేవి 11. ఆ 11లోంచి ఒకటి వానకో, కాలి నొప్పికో పక్కన పెట్టి, 10 రోజుల దారి చూసుకోండి.

*రోజుకి ఎంత దూరం.* మామూలుగా 20 నుంచి 25 కి.మీ. అరుణాచలం గిరి ప్రదక్షిణ 14 కి.మీ. అంటే రోజూ ఒకటిన్నర ప్రదక్షిణలు, అదీ వీపున ఆరేడు కిలోల సంచితో, మర్నాడు పొద్దున్నే మళ్లీ. ఒక్క రోజు 25 కి.మీ. నడవగలగడం పరీక్షే కాదు. శనివారం 18, ఆదివారం 18 సంచితో నడిచి, సోమవారం మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకోకుండా దిగగలిగితే సిద్ధంగా ఉన్నట్టు.

*ఎక్కుడు కాదు, దిగుడు.* ఎక్కడం ఆయాసం తెప్పిస్తుంది, అంతే. మోకాళ్లని దెబ్బతీసేది దిగడం. దారులు పోల్చేటప్పుడు ఎత్తెంత అని కాకుండా ఒక్క రోజులో ఎన్ని మీటర్లు దిగాలో చూడండి.

*కాలి కింద నేల.* మట్టిదారి, తారు, రాతి పరుపు - మూడూ మూడు రకాలుగా కాళ్లని అలిపిస్తాయి. పోర్చుగల్ రాతి పరుపు మీద పల్చటి అడుగున్న బూట్లతో నడిస్తే సాయంత్రానికి అరికాళ్లు మండుతాయి.

*పడక.* యాత్రికుల సత్రాన్ని అక్కడ ఆల్బెర్గే అంటారు. ఒకే హాల్లో పైనా కిందా మంచాలు, అందరికీ కలిపి స్నానాల గదులు, రాత్రి పదికి దీపాలార్పు, పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ చేయాలి. సాధారణంగా ఒక్క రాత్రే ఇస్తారు. గలీసియా ప్రభుత్వ సత్రాల్లో పడక 10 యూరోల దగ్గర, ముందస్తు బుకింగ్ లేదు, ముందొచ్చినవాళ్లకే. ప్రైవేటువి 14 నుంచి 20, వీటిని బుక్ చేసుకోవచ్చు. గురకలో నిద్ర పట్టనివాళ్లు హోటల్ గది ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి. అలాంటి గదులు దొరకడం కూడా దారిని బట్టి మారుతుంది.

*ధ్రువపత్రం.* కంపోస్తెలా అనే లాటిన్ పత్రం రావాలంటే నడిచేవాళ్లు కనీసం 100 కి.మీ., సైకిలు మీద వెళ్లేవాళ్లు 200 కి.మీ. చేయాలి. క్రెడెన్షియల్ అనే యాత్రికుల పుస్తకంలో రోజుకి కనీసం రెండు ముద్రలు వేయించుకోవాలి. సత్రం, చర్చి, కాఫీ కొట్టు - ఎక్కడైనా వేస్తారు. పత్రం ఉచితం. నడిచిన దూరం రాసిచ్చే రెండో పత్రానికి మాత్రం కొద్దిగా రుసుముంది.

ఒక్క చూపులో

| దారి | మొదలు | దూరం (కి.మీ.) | నడక రోజులు | దిగుడు | రద్దీ |
|---|---|---|---|---|---|
| ఫ్రెంచ్ దారి, చివరి భాగం | సర్రియా | 115 | 5–7 | మధ్యస్థం | చాలా ఎక్కువ |
| పోర్చుగీస్ దారి, చివరి భాగం | తుయ్ | 119 | 6–7 | తక్కువ | ఎక్కువ |
| ఇంగ్లీష్ దారి | ఫెర్రోల్ | 120 | 5–6 | మధ్యస్థం | తక్కువ |
| పోర్చుగీస్, లోపలి దారి | పోర్తో | 240 | 10–12 | తక్కువ, ఒక్క కొండ తప్ప | ఎక్కువ |
| పోర్చుగీస్, తీర దారి | పోర్తో | 280 | 12–14 | తక్కువ | ఎక్కువ |
| ప్రిమితీవో | ఒవియేదో | 320 | 13–15 | చాలా ఎక్కువ | తక్కువ, మెలీదే దాకా |
| ఫ్రెంచ్ దారి, లెయోన్ నుంచి | లెయోన్ | 310 | 13–15 | మధ్యస్థం | మధ్యస్థం, సర్రియా దాకా |
| ఫ్రెంచ్ దారి పూర్తిగా | సాఁ-జాఁ-ప్యే-ద-పోర్ | 780 | 32–36 | మొదటి వారం ఎక్కువ | ఎక్కువ |
| ఉత్తర దారి | ఇరూన్ | 820 | 34–38 | రోజూ | మధ్యస్థం |

వారమే ఉంటే: సర్రియా, తుయ్, ఫెర్రోల్

సర్రియా అందరూ ఎంచుకునేది. 100 కి.మీ. నిబంధనకి సరిపడా దూరం, రెండు మూడు కిలోమీటర్లకో ఊరు, ప్రతి ఊళ్లో కాఫీ, టాక్సీ, సంచి మోసే సేవ. అరవై దాటిన అమ్మానాన్నలని తీసుకెళ్లేవాళ్లకి, పిల్లలతో వెళ్లేవాళ్లకి దీన్నే చెబుతాం. కాలు పట్టేస్తే అరగంటలో టాక్సీ వచ్చే దారి ఇంకోటి లేదు. కాకపోతే జనం ఎక్కువ. స్పెయిన్‌లో బడులకి సెలవులిచ్చాక గుంపులు గుంపులుగా విద్యార్థులు స్పీకర్లలో పాటలు పెట్టుకుని నడుస్తారు. ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు జులై, ఆగస్టుల్లో సర్రియాకి పోకండి.

మామూలుగా ఐదు రోజుల్లో చేస్తారు: పోర్తోమారిన్ 22, పాలాస్ దె రేయ్ 25, అర్సువా 29, ఓ పెద్రౌసో 19, సాంతియాగో 20. మూడో రోజు 29 కి.మీ. దగ్గరే చాలామంది దెబ్బతింటారు. వాగులు దాటుతూ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. దాన్ని మెలీదే దగ్గర రెండుగా విరిస్తే 15, 14 అవుతుంది, మొత్తం ఆరు రోజులు. ఆ ఒక్క రోజు పొదుపు కోసం మోకాలు పోగొట్టుకోవద్దు.

తుయ్, పోర్చుగల్ సరిహద్దు మీది ఊరు. వారం రోజుల దారుల్లో మాకు ఎక్కువ ఇష్టమైంది ఇదే. ఎత్తుపల్లాలు తక్కువ, పొంతేవేద్రా పాత ఊరు నడిచేవాళ్లకోసమే కట్టినట్టుంటుంది, కాల్దాస్ దె రేయిస్‌లో వేడినీటి ఊట ఉంది, అలసిన కాళ్లు అందులో పెట్టుకోవచ్చు. పొర్రిన్యో 17, రెదొందేలా 16, పొంతేవేద్రా 20, కాల్దాస్ 22, పాద్రోన్ 19, సాంతియాగో 25 - ఒక్క చివరి రోజు తప్ప ఏదీ భయపెట్టదు. పొర్రిన్యో ముందు పారిశ్రామికవాడ గుండా నీడ లేని తిన్నటి రోడ్డొకటి ఉంది. దాన్ని తప్పించి ఏటి పక్కగా పోయే దారి ఉంది, గుర్తులు చూసి అదే పట్టుకోండి. రెదొందేలాలో తీర దారి నుంచి వచ్చేవాళ్లు కలుస్తారు, అక్కణ్నుంచి పడకలకి పోటీ మొదలవుతుంది.

ఫెర్రోల్ నుంచి వచ్చే ఇంగ్లీష్ దారి పూర్వం ఓడల్లో వచ్చిన బ్రిటన్, ఐర్లండ్ యాత్రికులది. ఒక చరిత్ర గల దారిని మొదటి నుంచి చివరిదాకా వారంలో ముగించే వీలు దీనికే ఉంది. జనం తక్కువ. బెతాన్సోస్ నుంచి ఓస్పితాల్ దె బ్రూమా దాకా ఎక్కుడు ఎక్కువ, తినడానికి చోట్లు తక్కువ, చివర పడకలు ఇంకా తక్కువ. ఆ ఒక్క రాత్రికి ముందే బుక్ చేసుకుంటే మిగతాదంతా తేలిక. అ కొరూన్యా నుంచి మొదలుపెడితే 75 కి.మీ.లే అవుతుంది, పత్రానికి చాలదు.

రెండు వారాలకి: పోర్తో

ఉద్యోగం చేసుకుంటూ రెండు వారాల సెలవు తీసుకునే తెలుగువాళ్లకి ఎక్కువమందికి సరిపోయేది పోర్చుగల్‌లోని పోర్తో నగరం. విమానాలు నేరుగా ఊళ్లోకి దిగుతాయి, మర్నాడు పొద్దున్నే కేథడ్రల్ ముందు ముద్ర వేయించుకుని నడక మొదలుపెట్టవచ్చు. వేరే రైళ్లూ బస్సులూ అక్కర్లేదు. దాంతో ఒక రోజు మిగులుతుంది. రెండు దేశాలు చూస్తారు, ఒకే నడకలో.

ఇక్కడ ఇంకో ఎంపిక ఉంది: లోపలి దారా, తీర దారా?

లోపలి దారి బార్సెలోస్, పోంతి ది లీమా, వలెంసా మీదుగా వస్తుంది. పాత రోమన్ వంతెనలు, ద్రాక్ష పందిళ్లు, పల్లెలు. పోంతి ది లీమా దాటాక లబ్రూజా కొండ ఒక్కటే గట్టిది, పైన రాళ్లూ గుల్ల మట్టీ ఉంటాయి, వానలో జారుతుంది. అసలు ఇబ్బంది మొదటి రోజు. పోర్తో నుంచి బయటపడేసరికి కాలిబాట లేని ఇరుకు రోడ్ల మీద, కార్లు పక్కనుంచి దూసుకుపోతుంటే నడవాలి. అంచుకి గోడలుంటాయి, తప్పుకోవడానికి చోటుండదు. చాలామంది ఆ భాగం మెట్రోలో దాటేస్తారు, అందులో తప్పేమీ లేదు. సాంతియాగో నుంచి వెనక్కి లెక్కేస్తే 100 కి.మీ. ఇంకా చాలా ముందుంటుంది, పత్రానికి ఇబ్బంది రాదు.

తీర దారి అట్లాంటిక్ ఒడ్డున, ఇసుక తిన్నెల మీద వేసిన చెక్క బాటల మీద వస్తుంది. మోకాళ్లకి ఇంతకంటే సుఖమైన నేల ఏ దారిలోనూ లేదు. వేసవిలో లోపల ఎండ మండిపోతుంటే ఇక్కడ గాలి చల్లగా ఉంటుంది. అదే గాలి ఉత్తరం నుంచి వీస్తే రోజంతా మొహానికి ఎదురు. కామీన్యా దగ్గర మీన్యో నదిని పడవలో దాటి స్పెయిన్ ఒడ్డున ఉన్న అ గ్వార్దా చేరాలి, చిన్న పడవలు ఆటుపోటుల్ని, వాతావరణాన్ని బట్టి నడుస్తాయి కాబట్టి ముందురోజే వేళ కనుక్కోండి. పడవ లేకపోతే నది పక్కగా వలెంసా దాకా వెళ్లి లోపలి దారిలో కలవాలి, అది అదనపు రోజు.

మా సలహా: మెట్రోలో వీలా దో కోందే దాకా వెళ్లి, లేదంటే పోర్తో నుంచే చెక్కబాట పట్టుకుని తీరం వెంట ఒకటి రెండు రోజులు నడిచి, అక్కణ్నుంచి లోపలికి తిరిగి బార్సెలోస్ దారిలో కలవండి. రోడ్ల బెడద తప్పుతుంది, పల్లెలూ పోవు. పోర్చుగల్‌లో దారి చూపే నీలం బాణాలు కనబడితే అవి ఫాతిమా అనే పుణ్యక్షేత్రం వైపు, వెనక్కి. మీకు కావాల్సింది పసుపు బాణం. స్పెయిన్‌లోకి అడుగుపెట్టగానే గడియారం గంట ముందుకి జరుగుతుంది. తుయ్ సత్రంలో పడక ఖాయమైందనుకుని తాపీగా వచ్చేవాళ్లకి అక్కడే గంట పోతుంది.

రెండు వారాలు పూర్తిగా నడకకే ఉండి, పోర్తో వద్దనుకునేవాళ్లకి లెయోన్ ఉంది. ఫ్రెంచ్ దారిలోని మంచి భాగం చాలావరకు అందులోనే వస్తుంది: అస్తోర్గా, 1,500 మీటర్ల ఎత్తున ఇనప శిలువ, ఓ సెబ్రేరో కొండమీది గడ్డి కప్పుల ఇళ్లు. శిలువ దగ్గర నుంచి మోలినాసేకాకి దిగే దారి పదునైన రాళ్లతో ఉంటుంది, ఆ రోజు తొందరపడకండి.

కొండలంటే ఇష్టమైతే: ప్రిమితీవో

తొమ్మిదో శతాబ్దంలో అస్తూరియాస్ రాజు రెండో అల్ఫోన్సో ఒవియేదో నుంచి యాకోబు సమాధికి వెళ్లిన దారి ఇదని చెబుతారు. అన్నిట్లోకీ పాతది, మా దృష్టిలో అన్నిట్లోకీ అందమైంది, అన్నిట్లోకీ కఠినమైంది. మొదటి వారం రోజూ ఎక్కడమే, దిగడమే.

బోర్రేస్ తర్వాత దారి రెండుగా చీలుతుంది. ఒకటి పాత సత్రాల శిథిలాల మీదుగా కొండ శిఖరం వెంట పోతుంది. పైన గంటల తరబడి ఊరు లేదు, కొట్టు లేదు, నీళ్లు ఉంటాయన్న నమ్మకం లేదు. రెండు లీటర్ల నీళ్లూ రోజుకి సరిపడా తిండీ మోసుకునే ఎక్కాలి. రెండోది పోలా దె అల్యాందే మీదుగా, కింద నుంచి. ఆకాశం తేటగా ఉంటే పైదారి, పొగమంచు ఉంటే మారుమాట లేకుండా కిందిదారి. మంచులో గుర్తులు కనబడవు, శిఖరం మీద దారి తప్పితే ఫోను సిగ్నలు కూడా దొరక్కపోవచ్చు. అత్యవసర నంబరు 112.

అసలు పరీక్ష ఆ తర్వాత రోజు: గాలిమరల దగ్గర నుంచి సలీమే జలాశయం దాకా ఒక్క ఊపున దాదాపు 800 మీటర్లు దిగాలి. మోకాలి నొప్పి ఇప్పటికే ఉన్నవాళ్లు ప్రిమితీవో ఆలోచన మానుకోండి, కర్రలున్నా సరే. లుగో దాకా జనం తక్కువ. ఆ ఊరి రోమన్ కోటగోడ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఊరి చుట్టూ ఉంది, దాని మీద నడవొచ్చు. మెలీదే దగ్గర సర్రియా జనంలో కలిసినప్పుడు గందరగోళంగా అనిపిస్తుంది. అది తెలిసే వెళ్లండి.

ఐదు వారాలు దొరికితే: ఫ్రెంచ్ దారి

ఉద్యోగం మారే మధ్య విరామమో, పదవీ విరమణో, చదువు ముగిశాక ఖాళీయో దొరికినవాళ్లు మాత్రం మొహమాటం లేకుండా ఫ్రెంచ్ దారే పట్టుకోండి. రద్దీ ఉన్నా సరే. నెలరోజులు అవే ముఖాలు ఊరూరా ఎదురవుతూ పరిచయాలు పెరగడం ఈ దారిలో జరిగినట్టు ఇంకెక్కడా జరగదు. సత్రాలు అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే, కాబట్టి రోజుకి ఎంత నడవాలన్నది మీ ఇష్టం. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి కూడా ఇదే ఎక్కువ ధైర్యమిస్తుంది, ముందూ వెనకా మనుషులుంటారు.

మొదటి రోజే కష్టం. సాఁ-జాఁ ఊరు 170 మీటర్ల ఎత్తున ఉంటుంది, పిరెనీస్ కనుమ 1,430 దగ్గర. ఒకే రోజు దాన్నెక్కి, రోన్సెస్‌వాయెస్‌కి దిగాలి, మొత్తం 25 కి.మీ. నడక అలవాటు లేని కాళ్లకి ఇది ఎక్కువ. 8 కి.మీ. దగ్గర ఓరిసోన్‌లో ఆగి రెండు రోజులుగా విరవండి. అక్కడ పడకలు కొద్దే, నెలల ముందే నిండిపోతాయి. పై కనుమ దారి నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా మూసేస్తారు, అప్పుడు లోయ వెంట వాల్‌కార్లోస్ మీదుగానే వెళ్లాలి.

బుర్గోస్ నుంచి లెయోన్ దాకా 180 కి.మీ. మెసేతా, అంటే గోధుమ పొలాల పీఠభూమి. విసుగని చాలామంది బస్సెక్కేస్తారు. ఎక్కకండి. ఆలోచించుకోవడానికి వచ్చినవాళ్లకి ఆ వారమే ఈ దారి ఇచ్చే ముఖ్యమైన వారం. కర్రియోన్ దాటాక 17 కి.మీ. ఊరుండదు, నీడుండదు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ తెల్లవారకముందే బయల్దేరి పదకొండుకల్లా ముగించాలి.

ఉత్తర దారికి సముద్రం అందం, శాన్ సెబాస్తియాన్, బిల్బావ్ ఊళ్లు ఉన్నాయి. కానీ రోజూ ఎక్కుడు దిగుడు, తారు ఎక్కువ, వాన ఎక్కువ, ఆగస్టులో గదుల ధరలు మండిపోతాయి. రెండోసారి వెళ్లేవాళ్లకి. సెవిల్ నుంచి దాదాపు 1,000 కి.మీ. వచ్చే వెండి దారి వసంతంలో అద్భుతం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో, ఊరికీ ఊరికీ మధ్య 25–30 కి.మీ.ల దూరంలో అది ప్రమాదకరం.

ఇటలీ మనసులో ఉన్నవాళ్లకి ఒక మాట. కాంటర్‌బరీ నుంచి రోముకి వెళ్లే ఫ్రాంచీజెనా దారిలో సియెనా నుంచి రోము దాకా సుమారు 280 కి.మీ., టస్కనీ కొండల మీదుగా. సత్రాలు తక్కువ, ఖర్చు ఎక్కువ, యాత్రికుల తోడు చాలా తక్కువ. శాకాహారులకి మాత్రం ఇటలీ తిండి స్పెయిన్ కంటే ఎన్నో రెట్లు సుఖం.

తిండి, ముఖ్యంగా శాకాహారులకి

చికెన్ తినేవాళ్లకి ఏ దారిలోనూ ఇబ్బంది లేదు. మాంసం ముట్టనివాళ్లకి గలీసియా పల్లెల్లో ఓపిక కావాలి. శాకాహారమని చెప్పినా సలాడ్‌లో ట్యూనా చేప వస్తుంది. ఆకుకూర, బంగాళాదుంపల గలీసియా సూపులో పంది కొవ్వు ఉంటుంది, పప్పులో చోరీసో అనే పంది మాంసం సాసేజీ ముక్కలుంటాయి. "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హామోన్" - మాంసం, చేప, హామ్ లేకుండా - అని మూడూ విడివిడిగా చెప్పాలి. గుడ్డు తినేవాళ్లకి బంగాళాదుంపల తోర్తియా, అంటే మందపాటి ఆమ్లెట్, ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. పాద్రోన్ మిరపకాయలు నూనెలో వేయించి ఉప్పు జల్లి ఇస్తారు, మన నోటికి హాయి.

చాలా ప్రైవేటు సత్రాల్లో వంటగదీ గిన్నెలూ ఉంటాయి. గలీసియా ప్రభుత్వ సత్రాల్లో పొయ్యి ఉంటుంది కానీ చాలాచోట్ల గిన్నెలుండవు, అక్కడ వండుకుందామని బియ్యం కొనుక్కోకండి. పెరుగన్నానికి అక్కడి పొట్టి గింజ బియ్యం బాగుంటుంది, మెత్తగా ఉడుకుతుంది. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద "నాతురాల్" తర్వాత "అసుకరాదో" అని ఉంటే అది చక్కెర కలిపింది. ఒట్టి "నాతురాల్" చూసి తీసుకోండి. ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి తెచ్చుకోవచ్చు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు, కాబట్టి నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేయండి.

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చిన్న ఊళ్లలో కొట్లు మూసేస్తారు. ఆదివారం చాలావరకు తెరవరు. శనివారం సాయంత్రమే రెండు పూటలకి కొనిపెట్టుకోండి. మధుమేహం ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం: రాత్రి భోజనం యాత్రికులకైతే ఏడుకి, మామూలు హోటళ్లలో ఎనిమిదిన్నర తర్వాత. మందుల వేళలు ముందే డాక్టరుతో మాట్లాడి సర్దుకోవాలి.

ఖర్చు, వీసా

సత్రాల్లో పడుకుని, ఒక పూట యాత్రికుల భోజనం (12–16 యూరోలు) తింటే రోజుకి 40–50 యూరోలు. ఇద్దరికి గది కావాలంటే గదికే 50–80. సంచి తర్వాతి ఊరికి పంపే సేవకి మజిలీకి 5–7. స్పెయిన్ తపాలా శాఖ కూడా ఈ సేవ నడుపుతుంది. గలీసియా ప్రభుత్వ సత్రాలు ఇలా వచ్చిన సంచుల్ని తీసుకోవు. సంచి పంపుతున్నారంటే ప్రైవేటు సత్రం బుక్ చేసుకోవాల్సిందే.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి, అమెరికాలోనో బ్రిటన్‌లోనో వర్క్ వీసా మీద ఉన్నా సరే, షెంగెన్ వీసా కావాలి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటారో ఆ దేశానికి దరఖాస్తు. రెండూ సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. సర్రియా, ఫెర్రోల్, ఒవియేదో ఎంచుకుంటే గొడవ లేదు, స్పెయినే. పోర్తో ఎంచుకున్నవాళ్లు రాత్రులు కాగితం మీద లెక్కపెట్టుకోవాలి. లోపలి దారిలో సుమారు సగం పోర్చుగల్‌లో పడుతుంది, పోర్తోలో అదనంగా రెండు రోజులుంటే లెక్క అటు మొగ్గుతుంది. పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు. బస ఆధారాలు అడుగుతారు కాబట్టి బుకింగ్ తీసుకోని ప్రభుత్వ సత్రాల మీద పూర్తిగా ఆధారపడే యోచన వీసా దగ్గర నిలవదు. రోజువారీ మజిలీల పట్టిక రాసి, బుకింగులు తీసుకునే ప్రైవేటు సత్రాలతో జతపరచండి.

కాళ్లు ఎక్కడ పోతాయి

ఏ దారైనా నడక ఆగిపోయేది ఎక్కువగా మొదటి నాలుగు రోజుల్లోనే. ఉత్సాహంతో తొలిరోజే 30 కి.మీ. కొడతారు, మూడో రోజుకి మోకాలి కింద ముందువైపు స్నాయువు వాస్తుంది, దానికి విశ్రాంతి తప్ప మందు లేదు. మజిలీలు కుదిరిన దారిలో మొదటి మూడు రోజులు 15–18 కి.మీ. దాటకండి.

బొబ్బలకి కారణం తడి, వేడి, రాపిడి. వేడెక్కిన ఇనుములా పాదంలో ఒక చోట చురుక్కుమనగానే, పక్క ఊరిదాకా ఆగకుండా అక్కడే కూర్చుని, సాక్సు విప్పి ఆరబెట్టి, టేపు వేయాలి. బూట్లు అర నుంచి ఒక సైజు పెద్దవి తీసుకోండి, రోజంతా నడిస్తే పాదాలు ఉబ్బుతాయి. కొత్త బూట్లతో బయల్దేరొద్దు, కనీసం 100 కి.మీ. ఇంటి దగ్గరే నడిచి ఉండాలి. సంచి మీ బరువులో పదో వంతు దాటకూడదు. జీన్స్, రెండో స్వెటరు, "పనికొస్తాయేమో" అనుకునేవన్నీ తీసేయండి. నడక కర్రలు విమానం కేబిన్‌లోకి సాధారణంగా రానివ్వరు, అక్కడే కొనుక్కోవచ్చు. సత్రంలో సంచి మంచం మీద పెట్టేముందు పరుపు కుట్ల దగ్గర నల్లి మచ్చలున్నాయేమో చూడండి.

ఎప్పుడు

మే, జూన్ మొదటి సగం, సెప్టెంబర్. ఇవి ప్రతి దారికీ మంచివి. గలీసియాలో ఏ నెలైనా వాన పడుతుంది, ఒంటినీ సంచినీ కప్పే వానకోటు, పాంచో, లేకుండా వెళ్లొద్దు. తెలుగువాళ్లు ఎక్కువగా పిల్లల సెలవుల లెక్కన మేలో వెళ్తారు, అది అదృష్టవశాత్తూ సరైన కాలమే.

ఇంకో సంగతి తేదీలు ఖాయం చేసుకునేముందు చూడాలి. యాకోబు పండగ జులై 25 ఆదివారం నాడు వచ్చిన ఏడాదిని పుణ్య సంవత్సరంగా జరుపుతారు, కేథడ్రల్‌లో మామూలుగా మూసి ఉండే పవిత్ర ద్వారం ఆ ఏడాదంతా తెరుస్తారు. 2027 అలాంటిదే, ఆ తర్వాతిది 2032. ద్వారం గుండా వెళ్లాలన్నది మీ కోరికైతే 2027లో వెళ్లండి. కానీ సర్రియా, తుయ్ వదిలేసి ఫెర్రోల్ గానీ ప్రిమితీవో గానీ ఎంచుకుని, చివరి మూడు రాత్రుల పడకలు, సాంతియాగోలో గది ఆరు నెలల ముందే ఖాయం చేసుకోండి. ద్వారంతో పనిలేనివాళ్లకి ముందో వెనకో ఏడాది మేలు.